మన సంఘ చిహ్నము: మార్చుట యెందుకు, మార్చుట యెట్లు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను కొంచెము సేపు మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని తలచితిని. వారు నవ్వి, "సాహిత్యం సంగతి వచ్చే ఏడు చూద్దాం లెండి. గుమ్మం మీద బోర్డు ఎందుకు మార్చారని అందరూ నన్నే అడుగుతున్నారు. ఆ జవాబు మీరే చెప్పాలి" అనిరి. చిహ్నమును నిర్ణయించుటకు ఏర్పడిన ఉపసంఘమునకు నేను సంచాలకుడను గనుక ఈ భారము నా మీద పడినది.

నేను చిత్రకారుడను కాను. ముప్పది నాలుగేండ్లు లెక్కల శాఖలో ఫైళ్లు చూచినవాడను. కావున దీనిని కళావిమర్శగా భావింపవలదు. ఏమి ఉంచితిమి, ఏమి తీసివేసితిమి, ఎందుకు తీసివేసితిమి అని సభ్యులకు ఒప్పజెప్పు లెక్కగా భావింపవలెను.

మన సంఘము 1961లో ఏర్పడినది. గోల్ మార్కెట్టులోను, లోడీ కాలనీలోను సర్కారు క్వార్టర్లలో కాపురమున్న కొన్ని తెలుగు కుటుంబములు ఉగాది నాడు ఒకచోట కూడి పంచాంగ శ్రవణము చేసికొనుటతో ప్రారంభమైన సంఘమిది. ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేయుచుండిన ఒక సభ్యుడు తొలి చిహ్నమును గీచిరి. దానికై సంఘమునుండి దమ్మిడీ తీసికొనలేదు. ట్రేసింగు కాగితము మీద నల్లసిరాతో గీచి, తమ జీతములోనుండియే జింకు బ్లాకు చేయించి తెచ్చిరి.

ఆ చిహ్నము మీ యందరికిని తెలిసినదే. ఒక వలయము. వలయము చుట్టును తెలుగులోను ఇంగ్లీషులోను సంఘము పేరు. నడుమ 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పటము. పటము మీద పూర్ణకుంభము. వెనుక ఉదయించుచున్న సూర్యుడు. క్రింద తెఱచిన పుస్తకము. ఆనాటి వారి మనస్సులో ఉన్న ఉత్సాహమంతయు ఆ వలయములో ఉన్నది. తెలుగువారందరును ఒక రాష్ట్రము క్రిందికి వచ్చి అప్పటికి అయిదేండ్లే అయినది. ఆ పటమును గీచిన చేయి ఎంత సంతోషముతో గీచియుండునో ఊహింపవచ్చును.

అటువంటి దానిని మార్చనేల? ఈ ప్రశ్న మొదట వేసినవారిలో నేనొకడను. నేను కృష్ణా జిల్లావాడను. పటము జోలికి పోరాదని కార్యవర్గములో గట్టిగా వాదించినవాడను. నా మనస్సు మారుటకు కారణమైన సంగతి ముందుగా చెప్పవలెను.

కరీంనగరు జిల్లానుండి వచ్చిన మిత్రుడొకడు నాతో పందొమ్మిదేండ్లు ఒకే సెక్షనులో పనిచేసెను. మా పిల్లలు కలిసి పెరిగిరి. 2014 తరువాత ఆయన ఉగాది సభకు వచ్చుట మానెను. మొదటి యేడు ఒంట్లో బాగులేదేమో అనుకొంటిని. రెండవ యేడు ఊరికి వెళ్లెనేమో అనుకొంటిని. మూడవ యేడు ఆహ్వానపత్రము స్వయముగా తీసికొనిపోయి చేతిలో పెట్టితిని. ఆయన టీ తెప్పించి, పత్రమును బల్ల మీద పెట్టి, ఆ ముద్ర మీద వేలు పెట్టి ఇట్లనెను: "అన్నా, నీ మీద నాకు కోపమేం లేదు. గని ఈ కార్డు చూసినప్పుడల్లా, మా రాష్ట్రం వచ్చిందన్న సంగతి మీకు ఇంకా తెల్వదా అనిపిస్తది."

నేను మాటలాడలేకపోతిని. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. మన ఆహ్వానపత్రము మీద మాత్రము లేని రాష్ట్రపు పటము అట్లే ఉండెను. మాకది పాత జ్ఞాపకము. ఆయనకది ప్రతి యేడును ఇంటికి వచ్చు చిన్న అవమానము. మేము అవమానింపదలచలేదు; నిజమే. కాని చిహ్నము విషయములో గీచినవాని ఉద్దేశ మొక్కటే చాలదు. చూచువాని మనస్సులో అది యేమగుచున్నదో కూడ లెక్కలోనికి రావలెను.

ఇది మన కొక్కరికే వచ్చిన చిక్కు కాదు. లాభాపేక్ష లేని సంస్థలు లోకములో ఎన్నియో ఈ చిక్కులో పడినవి. ఉపసంఘములో మేము మూడు సంస్థల చరిత్రను ముందు పెట్టుకొని ఆలోచించితిమి.

మొదటిది రామకృష్ణ మిషన్. 1897లో ఈ సంస్థను స్థాపించిన వివేకానందస్వామియే దాని చిహ్నమును కల్పించిరి. అలలతో కూడిన నీరు కర్మకు గుర్తు. పద్మము భక్తికి గుర్తు. ఉదయించు సూర్యుడు జ్ఞానమునకు, చుట్టుకొనియున్న సర్పము యోగమునకు, నడుమనున్న హంస పరమాత్మకు గుర్తులు. అయిదు వస్తువు లున్నవి. నేటి నిపుణులు చూచినచో కిక్కిరిసిన దందురేమో. అయినను నూరేండ్లు దాటినను దానిని మార్చవలసిన అవసరము రాలేదు. ఏలన, ఆ సంస్థ చెప్పదలచిన మాట మారలేదు. ఆ యైదింటిలో ఒకటి తీసివేసినచో ఆ మాట అసంపూర్ణమగును. దీనినిబట్టి మేము నేర్చుకొన్నదేమన, పాతబడిన దనియో, గీతలు ఎక్కువైన వనియో చిహ్నమును మార్చరాదు. అర్థము చెడనంతకాలము పాతదనము దోషము కాదు.

రెండవది వన్యప్రాణి సంరక్షణకై 1961లో స్విట్జర్లాండులో ఏర్పడిన సంస్థ. మన సంఘమును అదియు ఒకే యేటివి. లండను జంతుప్రదర్శనశాలకు 1958లో వచ్చిన చి-చి అను పాండాను చూచి, జెరాల్డ్ వాటర్సన్ అను చిత్రకారుడు తొలి రేఖలు గీయగా, వానినుండి సర్ పీటర్ స్కాట్ తొలి చిహ్నమును తీర్చెను. పాండానే ఎన్నుకొనుటకు గల కారణములలో ఒకటి నా వంటి లెక్కలవాడు మెచ్చదగినది: ఆ జంతువు నలుపు తెలుపులలో ఉండును గనుక అచ్చు ఖర్చు తక్కువ. ఆ బొమ్మను తరువాత పలుమారులు దిద్దిరి. 1986లో దిద్దిన రూపములో గీతలు బాగుగ తగ్గినవి. ఇప్పటి బొమ్మలో తల మీదను వీపు మీదను గీతయే లేదు. నల్లని మచ్చలు మాత్రము ఉన్నవి. తక్కిన పాండాను తెల్లకాగితమును, మన కన్నును కలిసి పూర్తి చేయును. అయినను అది తొలినాటి పాండాయే యని చూచినవా రెల్ల గుర్తింతురు. ఇందులోని పాఠము: మార్చునప్పుడు పాతదానిలోని ప్రాణమును పట్టుకొని, తక్కినది వదలవలెను.

మూడవది రెడ్ క్రాస్. 1859 జూన్ 24న సోల్ఫెరీనో యుద్ధభూమిలో గాయపడినవారి దురవస్థను చూచిన హెన్రీ డ్యూనాంట్ హృదయములో పుట్టిన సంస్థ యిది. 1863లో జెనీవాలో జరిగిన సభ తెల్లని నేల మీద ఎఱ్ఱని శిలువను గుర్తుగా నిర్ణయించినది. మరుసటి యేడు తొలి జెనీవా ఒడంబడిక దానిని అంగీకరించినది. స్విస్ పతాకములోని రంగులను తారుమారు చేసిన రూపమిది. మతమును సూచించు ఉద్దేశము వారికి లేదు. కాని పదునైదేండ్లైనను గడువక ముందే, రష్యాతో యుద్ధము చేయుచున్న ఆటోమన్ సామ్రాజ్యము, ఆ గుర్తు తమ సైనికుల మనస్సునకు నొప్పి కలిగించునని చెప్పి ఎఱ్ఱని నెలవంకను వాడసాగెను. 1929లో నెలవంకకును, పారసీకుల సింహసూర్యులకును ఒడంబడికలో చోటు దొరికినది. ఇంకను కొన్ని దేశములకు ఏ గుర్తును పొసగలేదు. తుదకు 2005 డిసెంబరు 8న మఱియొక గుర్తును అంగీకరించిరి: తెల్లని నేల మీద, కోణము మీద నిలిచిన ఎఱ్ఱని చతురస్రపు చట్రము. ఏ మతమునకు గాని, ఏ జాతికి గాని చెందని రూపమది. దానిని ఎఱ్ఱ స్ఫటికమని పిలిచిరి. 2007 జనవరి 14నుండి అమలులోనికి వచ్చినది. పాత శిలువయు, నెలవంకయు నేటికిని ఉన్నవి. ఎవరి గుర్తును ఎవరును లాగికొనలేదు. యుద్ధభూమిలో ఈ గుర్తును చూచి సైనికుడు తుపాకి దింపవలెను. కావున అక్కడ చిహ్నము అలంకారము కాదు, ప్రాణరక్షణ. అంతటి సంస్థకే, "ఇందులో మాకు చోటు లేదు" అన్నవారి మాటను విని సరిదిద్దుకొనుటకు నూటనలుబది యేండ్లు పట్టినది. మనము పదియేండ్లు ఆలసించితిమని సిగ్గుపడనక్కరలేదు. ఇంకను ఆలసించియుండిన సిగ్గుపడవలసినదే.

మన చిహ్నము ఈ మూడింటిలో ఏ కోవకు చెందును? పాతబడుట వలననే మార్చవలెననినచో రామకృష్ణ మిషన్ ఉదాహరణము మనలను వారించును. గీతలు అణగిపోవుచున్నవనినచో, పాండావలె కొన్ని తీసివేసిన చాలును. కాని మనలో కొందరు ఆ బొమ్మలో తమకు చోటు లేదనుచున్నారు. అందుచేత మనది మూడవ కోవ అని ఉపసంఘము తీర్మానించినది.

ఇక మేము చేసిన పొరపాట్లు చెప్పెదను. అందరికిని చోటీయవలెనన్న మంచి బుద్ధితో మొదట ఒక చిత్తుబొమ్మ గీయించితిమి. అమరావతి పూర్ణకుంభము, ఓరుగల్లు తోరణము, చార్మినారు, లేపాక్షి నంది, రెండు నదులు, వీణ, దీపము, పుస్తకము అన్నియు అందులో చేరినవి. చిత్రకళ నేర్చుకొనుచున్న మన సభ్యుని కుమార్తె దానిని చూచి, "తాతగారూ, ఇది చిహ్నం కాదు, సంత" అనెను. ఆ బొమ్మను రబ్బరు ముద్రగా చేయించి రసీదు మీద వేసి చూచితిమి. నంది యేదో చార్మినా రేదో తెలియని సిరామరక మిగిలినది.

రెండవ సూచన రెండు రాష్ట్రముల పటములను ప్రక్కప్రక్కన పెట్టుటకు. నడుమ గీత గీచుట యెవరికిని నచ్చలేదు. అప్పుడే, అంతవరకు మాటలాడక కూర్చున్న ఒక సభ్యుడు లేచెను. ఆయన ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. "మా ఊరు మీ పటంలో 1961లోనూ లేదు, ఇప్పుడూ లేదు. బరంపురం వాళ్లు లేరు, బళ్లారి వాళ్లు లేరు. అయినా మేము చందా కడుతూనే ఉన్నాం గదండీ" అనెను. ఆ మాటతో పటము సంగతి ముగిసినది. మన సంఘమును నిలిపినది సరిహద్దు కాదు, భాష. సరిహద్దులు ఎన్నిమారులు మారినను భాష పోదని ఆయన చెప్పకయే చెప్పెను.

మూడవ సూచన నాలుగు సింహములను పెట్టుటకు. మనము కేంద్రప్రభుత్వోద్యోగులము గదా యని ఒకరి యుత్సాహము. సారనాథ సింహశిఖరము 1950 జనవరి 26నుండి భారత ప్రభుత్వపు రాజముద్ర. దానిని ప్రైవేటు సంఘములు వాడరాదని 2005లో ప్రత్యేక చట్టమే చేసిరి. ప్రభుత్వోద్యోగులమైన మనమే ఆ చట్టమును మీరుట తగదు. పూర్ణకుంభము సంగతియు ఆలోచింపవలసినదే. అది ఒక రాష్ట్రపు అధికార చిహ్నములో ఉన్నది. దాని మీద మనకెల్లరకును గౌరవము కలదు. కాని సాంస్కృతిక సంఘము ఏ ప్రభుత్వపు ముద్రను పోలకుండుటయే మేలు.

ఈ దశలో, తొలి చిహ్నమును గీచినవారి ధర్మపత్నిగారిని చూడబోతిమి. ఆమె యిప్పుడు ఎనుబది దాటినవారు. వారి ఇంట గాజు బీరువాలో ఆ జింకు బ్లాకు నేటికిని భద్రముగా ఉన్నది. దానిని చూచుసరికి మాకు నోరు పెగలలేదు. ఆమెయే మమ్ములను కుర్చీలలో కూర్చుండబెట్టి, సంగతి అంతయు విని ఇట్లనిరి: "బాబూ, ఆయన ఉన్న రాష్ట్రాన్ని గీశారు. ఇప్పుడు లేనిదాన్ని గీయమంటే ఆయనే ఒప్పుకొనేవారు కాదు. డ్రాయింగు తప్పు అనేవారు. కాని ఒక్క మాట. ఆ పుస్తకం మాత్రం ఉంచండి. మిగతావన్నీ కమిటీ చెప్పినవి. పుస్తకం ఆయన సొంతం."

మేము వెదకుచున్న ప్రాణము దొరికినది. ఇక పుస్తకములో ఏమి వ్రాయవలెనన్నదే మిగిలినది.

దానికి జవాబు మన ఆదివారపు తెలుగు తరగతిలో దొరికినది. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో హిందీయు ఇంగ్లీషును చదువుదురు. పాత చిహ్నము చుట్టును ఉన్న తెలుగు పేరును చదువగలవా యని ఆ తరగతికి క్రొత్తగా వచ్చిన ఒక పిల్లవానిని అడిగితిని. వాడు కొంతసేపు చూచి, "ఇది డిజైనా, తాతగారూ?" అనెను. అరువది యేండ్లుగా మన పేరును మనము పలకరింపుగా వ్రాసికొనుచున్నాము. మన మనుమనికి అది పూలతీగవలె కనబడుచున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పటమును గూర్చి అంతగా వాదించితిని. ఆ పటములోని అక్షరము ఇంటిలోనే చెరిగిపోవుచుండగా నేను గమనింపలేదు.

మరుసటి వారము అదే పిల్లవాడు పలక మీద "అ" వ్రాసి తెచ్చి చూపెను. కొంచెము వంకరగా ఉన్నది. కాని అది అకారమే. దానిని ఉపసంఘము ముందు పెట్టితిమి. తెఱచిన పుస్తకము, దాని పైన ఒక్క "అ". ఇదియే నేడు మీరు గుమ్మము మీద చూచుచున్న చిహ్నము. ఇందులో కరీంనగరు కలదు, కడప కలదు, ఖరగ్‌పూరును కలదు. ఏ మతము వారైనను, ఏ జిల్లావారైనను, తెలుగు చదువు మొదలుపెట్టిన ప్రతివారును ఈ గుమ్మము దాటియే లోపలికి వచ్చిరి.

ఒక ఆక్షేపణ వచ్చినది: కన్నడములోను అకారము ఇట్లే ఉండును గదా యని. నిజమే. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలు. ప్రక్కింటివానితో పోలిక యుండుట దోషము కాదు. క్రింద తెలుగులో సంఘము పేరు పెద్ద అక్షరములలో ఉన్నది గనుక భ్రమ కలుగదు.

నిర్ణయించుటకు ముందు నాలుగు పరీక్షలు చేసితిమి. ఇతర సంఘముల వారికి పనికివచ్చునేమో యని చెప్పుచున్నాను. మొదటిది, ముప్పాతిక అంగుళపు రబ్బరు ముద్రగా వేసి చూచుట. రెండవది, జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు జిరాక్సు తీసి, నాలుగవ ప్రతిలో కూడ తెలియుచున్నదా యని చూచుట. మూడవది, సెల్‌ఫోనులో మన బృందపు పేరు ప్రక్కన గోరంత పరిమాణములో చూచుట. నాలుగవది, ఒకమారు చూపి దాచి, గుర్తున్నంత వరకు గీయుమని పిల్లలను అడుగుట. పాత చిహ్నమును ఎవరును గీయలేకపోయిరి. దీనిని గీయలేనివాడు ఒక్కడును లేడు. ఒకే రంగు గనుక అచ్చు ఖర్చును తగ్గినది. గీత సన్నముగా ఉన్నచోట సిరా నిండిపోవుచున్నందున అంతటను ఒకే మందముతో చేతితో గీయించితిమి.

సర్వసభ్య సమావేశములో తీర్మానము నెగ్గినది. ఏకగ్రీవముగా నెగ్గినదని చెప్పినచో అసత్యమగును. పాత పటము పోయినందుకు బాధపడినవారు ఉన్నారు. వారి బాధ నాకు తెలియును. అది కొంతకాలము నాదియు. వారికి నేను చెప్పునది ఒక్కటే. తొలి చిహ్నమును మేము పారవేయలేదు. ఆ జింకు బ్లాకును ఆమె సంఘమునకు కానుకగా ఇచ్చిరి. గీచినవారి పేరుతో, సంవత్సరముతో, గ్రంథాలయములో అద్దము క్రింద ఉంచితిమి. 1961 నాటి ఉత్సాహము అబద్ధము కాదు. అది చరిత్రలో ఉండవలెను. ఆహ్వానపత్రము మీద కాదు.

ఖర్చును గూర్చి ఒక మాట. పాత లెటరుకాగితములు, రసీదు పుస్తకములు ఉన్నంతవరకు వానినే వాడుచున్నాము. అయిపోయినవి మాత్రము క్రొత్తవి అచ్చు వేయించుచున్నాము. చందాదారుల సొమ్ముతో నడచు సంఘము చిహ్నము కొరకు కాగితమును తగులబెట్టరాదు. కావున కొన్నినెలలు రెండు ముద్రలును కనబడును. కంగారు పడవలదు.

చిహ్నము మారినంతనే సంఘము మారదు. పుస్తకము బొమ్మ పెట్టి గ్రంథాలయమునకు తాళము వేసినచో, "అ" అని బోర్డు వ్రాసి తరగతికి పిల్లలను పంపనిచో, ఆ బోర్డు మనలను వెక్కిరించును. కావున మీ పిల్లలను, మనుమలను ఆదివారము ఉదయము తరగతికి పంపుడు. చెప్పుటకు ఓపిక ఉన్న విశ్రాంతోద్యోగులు వచ్చి నాతో కలియుడు. ప్రస్తుతము పలకలకు కొదువ లేదు, గురువులకే కొదువ.

చివరి మాట. మొన్నటి ఉగాది ఆహ్వానపత్రమును తీసికొని మరల నా మిత్రుని యింటికి వెళ్లితిని. ఆయన కళ్లజోడు పెట్టుకొని చూచి, "మా మనుమడు గూడ ఇదే రాస్తుండు ఇప్పుడు" అనెను. పండుగనాడు మనుమని చేయి పట్టుకొని వచ్చి మూడవ వరుసలో కూర్చుండెను. నేడును అక్కడనే ఉన్నాడు. పేరు చెప్పినచో కోపగించును గనుక చెప్పను.